మూడు ‘ప్రథమ ముద్రణ’లు: అభిమాన నవలాకారుడి తొలి ప్రతుల్ని వెతకడం, తేల్చడం, దాచుకోవడం

ఒకే నవలకి నా దగ్గర మూడు ప్రతులున్నాయి. మూడింటి లోపలా ‘ప్రథమ ముద్రణ’ అనే ఉంది. ఒకదాని వెల రెండు రూపాయల ఎనిమిదణాలు, ఇంకోదానిది నాలుగు రూపాయల యాభై పైసలు, మూడోదానిది నలభై అయిదు రూపాయలు. ఎవరూ అబద్ధమాడలేదు. మన తెలుగు ప్రచురణకర్తలు ‘ప్రథమ ముద్రణ’ అన్నారంటే చాలాసార్లు ‘మేం వెయ్యడం ఇదే మొదలు’ అని అర్థం. నవల మొదట ఎప్పుడు అచ్చయిందో ఆ రెండు మాటలు చెప్పవు. వెల, చిరునామా, ప్రెస్సు పేరు, వెనకట్ట మీది ప్రకటన చెబుతాయి.

ఈ సంగతి నాకు డబ్బులు పోగొట్టుకున్నాక తెలిసింది. మీకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను. ఉండేది వెస్ట్ మాంబళం. ఊరి పేరు 1996లో మారినా మా ఇంట్లో ఇప్పటికీ మద్రాసే. కొడవటిగంటి కుటుంబరావు పిచ్చి ఉంది. ఉద్యోగం వేరే. ఆదివారాలు మాత్రం పాత పుస్తకాలవి.

తెలుగు పాత పుస్తకాలకి మద్రాసేమిటి అంటారేమో. వావిళ్లవారి ముద్రణాలయం 1854 నుంచి ఇక్కడిదే. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా ఇక్కడే మొదలైంది. 1924లో భారతి, 1938లో ఆంధ్రప్రభ, 1947లో చందమామ, అన్నీ ఈ ఊళ్లో అచ్చయినవే. రచయితలూ ప్రూఫు రీడర్లూ ఈ వీధుల్లోనే కాపురాలు పెట్టారు. వాళ్ల పిల్లలు ఇళ్లు ఖాళీ చేసినప్పుడల్లా అటక మీది పుస్తకాలు దిగుతున్నాయి. కొన్ని మన చేతికొస్తాయి, ఎక్కువ భాగం కాగితం మిల్లుకి పోతాయి.

1. ఒక్కరిని పట్టుకోండి, హద్దు గీసుకోండి

‘పాత తెలుగు నవలలు సేకరిస్తాను’ అంటే అది ఆరు నెలల్లో పాత కాగితాల కొట్టయి కూర్చుంటుంది. ఒక్క రచయిత చాలు. ఆ ఒక్కరిలోనూ ఏవి కావాలో తేల్చుకోండి: నవలలేనా, నవలికలు కూడానా? సీరియల్‌గా వచ్చిన పత్రికలు కూడా కొంటారా? అనువాదాలో?

కుటుంబరావుగారిది గడ్డు కేసు. 1909లో తెనాలిలో పుట్టి 1980లో ఇక్కడే పోయారు. 1952 నుంచి చివరిదాకా చందమామలో పనిచేశారు. అక్కడ రాసినదానికి చాలావరకు పేరుండదు. బయట రాసినవాటిలో ఏది పెద్ద కథ, ఏది చిన్న నవల అన్నది ఒక్కో ప్రచురణకర్త ఒక్కోలా లెక్కేశాడు. అందుకని నేను గీసుకున్న గీత ఇది: సొంత అట్టతో, సొంత వెలతో విడిగా అచ్చయిన కాల్పనిక రచన ఏదైనా నా జాబితాలోకి వస్తుంది. మీ గీత మీ ఇష్టం. కాకపోతే మొదటిరోజే గీసి, నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. లేకపోతే ప్రతి పాత పుస్తకమూ ‘నన్ను కొను’ అంటుంది.

2. కొనేముందు జాబితా కట్టండి

అందరూ తప్పుచేసేది ఇక్కడే. నేనూ చేశాను. మొదటి ఏడాది ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టకుండా జాబితా కట్టినవాడు ఆ తర్వాత పదేళ్లు మోసపోడు.

ముందు సమగ్ర సంపుటాలతో మొదలెట్టండి. కుటుంబరావుగారికైతే కేతు విశ్వనాథరెడ్డిగారి సంపాదకత్వంలో విశాలాంధ్ర వేసిన సంపుటాలున్నాయి. అవి మీకు శీర్షికలు ఇస్తాయి. పేర్లు దొరికాక వాటి పుట్టుక వెతకాలి.

1867 నాటి ప్రెస్సు, పుస్తకాల నమోదు చట్టం అనే ఒక దయగల చట్టం 2024 దాకా ఉండేది. తెల్లవాడు దాన్ని మన మీద కన్నేసి ఉంచడానికి తెచ్చాడు, మనకి వేరే రకంగా పనికొస్తోంది. అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతినీ ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది, ప్రభుత్వం మూడు నెలలకోసారి వాటి జాబితా గెజెట్‌తో పాటు వెయ్యాల్సి ఉండేది. ఆ జాబితాలో ఏముండాలో చట్టమే చెప్పింది: పుస్తకం పేరు, భాష, రచయిత, అచ్చువేసినవాడు, ప్రచురించినవాడు, విడుదలైన తేదీ, పేజీలు, సైజు, ఎన్నో కూర్పు, ఎన్ని కాపీలు, వెల, హక్కుదారు. మీకు కావలసిన ప్రశ్నలన్నీ ఒక గుమాస్తా ముందే అడిగేసి పెట్టాడన్నమాట. ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో పాత ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్లు (అప్పటి మద్రాసు ప్రభుత్వానివి) ఉన్నాయి. గుర్తింపు కార్డు, ఎందుకు చూడదలిచారో ఒక దరఖాస్తు పట్టుకెళ్లండి. తెలుగు పేర్లు ఇంగ్లీషు లిపిలో ఆ గుమాస్తాకి తోచిన స్పెల్లింగుతో ఉంటాయి. ఒకే పేరుని నాలుగు రకాలుగా వెతకడానికి సిద్ధపడండి.

రెండోది కేంద్ర సాహిత్య అకాడెమీ వేసిన భారతీయ సాహిత్య జాతీయ గ్రంథసూచి. 1901 నుంచి 1953 దాకా వచ్చిన పుస్తకాలకి నాలుగు సంపుటాలు. తెలుగు నాలుగో సంపుటంలో ఉంటుంది. మూడోది 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం. దీని ప్రకారం ప్రతి ప్రచురణకర్తా కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ ఇంకో మూడు లైబ్రరీలకీ ఒక్కో ప్రతి పంపాలి. ఆ మూడింట్లో ఒకటి మన ఎగ్మూరు పాంథియన్ రోడ్డులోని కన్నెమరా. 1896లో తెరిచిన ఈ లైబ్రరీ మనకి బస్సు దూరంలో ఉండటం అదృష్టం. ప్రచురణకర్తలందరూ బుద్ధిగా పంపారనుకోకండి. జాబితాలో లేనంత మాత్రాన పుస్తకం రాలేదని కాదు.

నాలుగోది చాలామందికి తట్టదు. 1962 నుంచి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పీఎల్-480 అనే తిండిగింజల పథకం కింద మన దేశంలో పుస్తకాలు కొని తమ విశ్వవిద్యాలయాలకి పంపింది. గోధుమల బాకీ రూపాయల్లో తీరుస్తుంటే ఆ రూపాయలతో మన నవలలు కొన్నారు. విజయవాడలో దొరకని నవల ప్రతి అక్కడి కేటలాగులో పేజీల లెక్కా సెంటీమీటర్ల కొలతా సహా కనబడుతుంది. అరవైల నవలలకి ఇంట్లో కూర్చుని చూడగలిగిన ఆధారాల్లో ఇంతకన్నా కచ్చితమైనది నాకు దొరకలేదు.

రెండు ఆధారాలు ఒకదానితో ఒకటి కలవకపోతే రెండూ రాసుకోండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. మీకు నచ్చిన సంవత్సరాన్ని ఎంచుకోకండి.

3. సీరియల్ ముందా, పుస్తకం ముందా

తెలుగు నవల పుట్టిల్లు పత్రిక. కందుకూరి రాజశేఖరచరిత్రమే 1878లో వివేకవర్ధనిలో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది. అప్పటినుంచి మనకదే అలవాటు. కాబట్టి ‘తొలి ప్రచురణ’ అన్న మాటకి మీ నోటుబుక్కులో రెండు గడులుండాలి: పత్రికలో మొదలూ చివరా తేదీలు ఒక గడి, పుస్తకంగా వచ్చిన తేదీ ఇంకో గడి.

పాత పత్రికలకి మొదట ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేయించినవి చూడండి. భారతి, ఆంధ్రపత్రిక చాలా దొరుకుతాయి. కాగితం మీదే చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం, 1918 నుంచి ఉన్న గ్రంథాలయం. మద్రాసు నుంచి విజయవాడ వెళ్లే దారిలో చీరాలలో దిగితే దగ్గరే. ఒకరోజు పెట్టుకుంటే చాలదు, రెండురోజులు పెట్టుకోండి. పాత పత్రికలు తిరగేస్తూ కూర్చుంటే వెతకాల్సింది మర్చిపోయి సబ్బు ప్రకటనలు చదువుతాం. నేను ఒక పూటంతా అలాగే పోగొట్టుకున్నాను.

ఇక్కడే ఇంకోమాట. వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, క్యాలికో బైండు చేయించుకునే ఇల్లాళ్లు ఒకప్పుడు ప్రతి వీధిలో ఉండేవారు. ఆ బైండు పుస్తకాలు పాత కొట్లలో ఇప్పటికీ తగులుతాయి. పుస్తకాల వ్యాపారులు వాటిని చిత్తు కింద లెక్కేస్తారు. మీరు మాత్రం వదలొద్దు. పుస్తకంగా వచ్చినప్పుడు రచయిత కొట్టేసిన పేరాలు వాటిలో ఉంటాయి, పక్కన బొమ్మలుంటాయి, ఒక్కోసారి అంచుల్లో ఆ ఇల్లాలి పెన్సిలు వ్యాఖ్యానం కూడా. నా దగ్గరున్న ఒకదాంట్లో నాయకుడి మాటల పక్కన ‘వీడి మొహం’ అని రాసి ఉంది. అలాంటి విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

4. పుస్తకం చేతికొచ్చాక వయసు కట్టడం

అట్ట చూసి మురిసిపోకండి. నేరుగా ఇంప్రింట్ పేజీకి, అంటే ముద్రణ వివరాలుండే పేజీకి వెళ్లండి. ‘ప్రథమ ముద్రణ’ పక్కన సంవత్సరం ఉంటే అదృష్టం. లేకపోతే కింద చెప్పినవి వరసగా చూడండి.

వెల. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు పైలు. వెల ‘2-8-0’ అని రెండు గీతలతో ఉంటే రెండు రూపాయల ఎనిమిదణాలు, 1957కి ముందుది. ఒకే గీత ఉంటే రెండో అంకె చూడండి. అణాలు పదిహేను దాటవు కాబట్టి ‘2-50’ అంటే కచ్చితంగా పైసలే. ‘2-8’ అంటే మాత్రం ఆగి ఆలోచించండి, అది అణాలే అయ్యుండే అవకాశం ఎక్కువ. ‘న.పై.’ అని ఉంటే నయా పైసలు, 1957–64 మధ్యది. 1964 జూన్‌లో ‘నయా’ అన్న మాట పోయింది. అమ్ముడుపోని ప్రతుల మీద కొత్త వెల చీటీ అంటించడం, రబ్బరు స్టాంపు కొట్టడం మామూలే. అందుకే చీటీ కింద ఏముందో వెలుతురుకి పెట్టి చూడండి.

చిరునామా. ‘మద్రాసు-17’, ‘మద్రాసు-26’ అని రెండంకెల్లో ఆగిపోతే పిన్‌కోడ్ రాకముందుది కావచ్చు. పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆ తర్వాత అదే టీ.నగర్ 600 017 అయింది. కొందరు అలవాటు కొద్దీ ఇంకొన్నేళ్లు పాత అంకే వేశారు. కాబట్టి పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతది అని గట్టిగా చెప్పొచ్చు, లేకపోతే ముందుదని మాత్రం చెప్పలేం. ‘చెన్నై’ అని ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. విజయవాడ పుస్తకమైతే ‘ఆంధ్రరాష్ట్రం’ అన్న మాట 1953 అక్టోబరు నుంచి 1956 నవంబరు దాకా, ఆ తర్వాత ‘ఆంధ్రప్రదేశ్’. ఐఎస్‌బీఎన్ నంబరు ఉంటే 1985కి ఇటుపక్కది.

నేను డబ్బులు పోగొట్టుకుంది ఇక్కడే. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ‘1950ల తొలి ముద్రణ, అరుదైనది’ అని ఫొటో పెడితే మూడువేలు పోశాను. పార్సిలు విప్పాను. ముందుమాట కింద 1950ల తేదీ నిజంగానే ఉంది. ఇంప్రింట్ పేజీలో ‘ప్రథమ ముద్రణ’ కూడా నిజమే. దాని కిందే ప్రెస్సు చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్! వెల నాలుగున్నర రూపాయలు. పాత ముందుమాటని అలాగే ఉంచి, కొత్త ప్రచురణకర్త డెబ్బైల్లో మళ్లీ వేశాడు. అమ్మినతన్ని అడిగితే ‘పుస్తకంలో ఉన్నదే రాశాను సార్’ అన్నాడు. మొదట చెప్పిన మూడింట్లో రెండోది అదే.

ముందుమాట తేదీ. ఇంగ్లీషు తేదీ వేస్తే సరే, కొందరు తెలుగు సంవత్సరం వేస్తారు. ‘ఖర’ అంటే 1951 ఉగాది నుంచి 1952 ఉగాది దాకా. అరవైయేళ్ల చక్రం కాబట్టి 2011లో వచ్చిందీ ఖరే. కాగితం చూస్తే ఏ ఖరో తెలిసిపోతుంది. ముందుమాట తేదీ పుస్తకం ఇంతకన్నా ముందు రాలేదని మాత్రమే చెబుతుంది. ఎప్పుడొచ్చిందో చెప్పదు. ప్రెస్సువాళ్ల దగ్గర ఏడాదిపాటు నిద్రపోయిన పుస్తకాలున్నాయి.

స్టాంపులూ రాతలూ. ముందుమాట ఒక చివరైతే ఇది రెండో చివర. లైబ్రరీ స్టాంపు పక్కన చేర్చుకున్న తేదీ ఉంటే, పుస్తకం ఆపాటికే వచ్చేసిందన్నమాట. పెళ్లికి బహుమతిగా ఇచ్చినప్పటి సంతకం, తేదీ అంతే విలువైనవి. వాటిని గీకించెయ్యకండి. మచ్చలేని ప్రతి కావాలనే వాళ్లుంటారు. నాకు తేదీ వేసిన మచ్చే కావాలి.

వెనకట్ట, ఆఖరి పేజీలు. ‘మా ఇతర ప్రచురణలు’ అన్న జాబితాలో పదేళ్ల తర్వాత వచ్చిన నవల ఉంటే మీ చేతిలోది తొలి ముద్రణ కాదు. అదే జాబితాలో ‘త్వరలో’ అని ఉన్నవాటిని రాసుకోండి. కొన్ని ఆ తర్వాత వేరే పేరుతో వచ్చుంటాయి, కొన్ని అసలు రానేలేదు. అట్ట మీద బాపు సంతకం చూసి తొలి ముద్రణ అనుకోవడం ఇంకో పొరపాటు. పాత నవలలకి పాకెట్ పుస్తకాల కాలంలో ఆయన కొత్త అట్టలు వేశారు.

అచ్చు. పేజీని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని వెనకవైపు వేలితో తడమండి. సీసపు అక్షరాల లెటర్‌ప్రెస్ అయితే కాగితం మీద ఒత్తిడి గుర్తు తగులుతుంది, వత్తులు ఒకటి పైకీ ఒకటి కిందకీ కదిలి ఉంటాయి. ఆఫ్‌సెట్ అయితే నున్నగా ఉంటుంది. తొలి ముద్రణని ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో మళ్లీ వేసిన వాటిని పట్టుకోవడానికి ఇదొక్కటే దారి, ఎందుకంటే అందులో అచ్చుతప్పులతో సహా అన్నీ అవే ఉంటాయి. పేజీ అడుగున అక్కడక్కడ చిన్న అంకె కనబడుతుంది, అది ఫారం నంబరు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్టని ఫారం అంటారు). దాన్నిబట్టి ఎన్ని ఫారాలున్నాయో లెక్కపెడితే మధ్యలో పేజీలు పోయాయా అన్నది తేలుతుంది.

ఈ చిక్కు మన తెలుగుదే కాదు. పురసవాక్కంలో పుట్టిన ఆర్.కె. నారాయణ్ మొదటి మూడు నవలలు 1935, 1937, 1938ల్లో లండన్‌లో ముగ్గురు వేర్వేరు ప్రచురణకర్తలు వేశారు. తర్వాత ఆయనే మైసూరులో ఇండియన్ థాట్ పేరుతో తన పుస్తకాలు తానే వేసుకున్నారు. మన పేవ్‌మెంట్ల మీద దొరికేవి దాదాపు అన్నీ ఆ మైసూరు ముద్రణలే. లోపల 1935 అని కనబడగానే గంతెయ్యొద్దు. అది నవల వయసు, మీ చేతిలోని ప్రతి వయసు కాదు.

5. వేట

మూర్ మార్కెట్ 1985 మేలో కాలిపోయింది. ఆ రోజుల్ని చూసిన పెద్దలు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. అక్కడివాళ్లకి సెంట్రల్ దగ్గర అల్లికుళంలో కొట్లిచ్చారు. ఇప్పుడక్కడ పాఠ్యపుస్తకాలదే రాజ్యం. ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డు (భారతి శాలై అంటే ఆటోవాళ్లకి తెలుస్తుంది), మైలాపూరు లజ్ దగ్గరి పేవ్‌మెంటు తిరగండి. జనవరిలో పుస్తక ప్రదర్శన జరిగినప్పుడు లోపలికన్నా బయట పరిచిన పాత పుస్తకాల దగ్గర ఎక్కువసేపు గడపండి.

అమ్మేవాళ్లకి తెలుగు చదవడం రాదు. ఇది మీకు లాభమూ, నష్టమూ. లాభమేంటంటే దేనికైనా ఒకటే ధర. నష్టమేంటంటే తెలుగు కట్టలు అందరికన్నా ముందు మిల్లుకి పోతాయి. అందుకని నేను ట్రిప్లికేన్‌లో ఒకతనితో ఒప్పందం పెట్టుకున్నాను: ‘తెలుంగు ఎదు వందాలుం తళ్లాదీంగ, ఫోన్ పణ్ణుంగ’ (తెలుగుది ఏదొచ్చినా పారెయ్యకండి, ఫోను చెయ్యండి). నెలకో రెండునెలలకో ఫోను వస్తుంది. వెళితే పది గోనెల్లో తొమ్మిది పంచాంగాలు, వంటల పుస్తకాలు, గైడ్లు. అవీ కొంటాను. ఆ తొమ్మిది కొనకపోతే పదోదానికి ఫోను చెయ్యడు.

అసలైన గనులు వేరే. పాత కాగితాల కొట్లు, కిలో లెక్కన కొనేవి. కోడంబాక్కం, వడపళని, టీ.నగర్ వీధుల్లో సినిమావాళ్లూ పత్రికలవాళ్లూ ఉన్న పాత ఇళ్లు అపార్టుమెంట్లకి కూలగొడుతున్నారు. తెలిసినవాళ్ల ద్వారా కబురొస్తే వెంటనే వెళ్లండి, కానీ చేతిలో సంచితో వెళ్లకండి. ఒకసారి ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ‘బాబాయిగారూ, పుస్తకాలు చూద్దామని వచ్చాను’ అంటే కాఫీ ఇచ్చి, రెండు గంటలు తన ప్రెస్సు ఉద్యోగం గురించి చెప్పారు. ఏ నవల ఎక్కడ కంపోజు అయిందో, ఎవరు ప్రూఫులు దిద్దారో ఏ కేటలాగులోనూ లేని సంగతులవి. పుస్తకాలు ఆ రోజు అడగనేలేదు. తర్వాతి నెల ఆయనే కబురు చేశారు, ‘నువ్వొచ్చి తీసుకెళ్లు నాయనా, పిల్లలు పారేస్తారు’ అని. ఊరికే ఇస్తామన్నా డబ్బివ్వండి, మర్యాదగా, కవరులో పెట్టి.

మద్రాసు దాటితే విజయవాడ లెనిన్ సెంటరు, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారాలు. అక్కడివాళ్లకి తెలుగూ తెలుసు, ధరా తెలుసు.

లైబ్రరీ స్టాంపున్న పుస్తకం కనబడితే ‘తొలగించినది’ అన్న ముద్ర కోసం చూడండి. అది లేకుండా ఏదైనా జిల్లా గ్రంథాలయం స్టాంపు ఉంటే, అది తెచ్చినవాడు తిరిగివ్వని పుస్తకం. నేను కొనను. కొన్నవాళ్లని చూసి ఏమీ అనను కూడా. అద్దె పుస్తకాల షాపుల స్టాంపు సంగతి వేరు, అవి మూతపడినప్పుడు సక్రమంగానే అమ్ముకున్నారు. అట్టలు తీసేసి దళసరి బైండు వేస్తారు కాబట్టి అందం ఉండదు. అంచులు కత్తిరించడంలో పేజీ అంకెలు కూడా పోయుంటాయి. ఇంకేదీ దొరకనప్పుడు అదే మహాభాగ్యం.

ధర గురించి ఒక్కమాటే. తెలుగు తొలి ముద్రణలకి స్థిరమైన మార్కెట్ లేదు. మీకెంత కావాలో అదే ధర. నా నియమం: పేవ్‌మెంటు మీద బేరమాడను, వెయ్యి దాటితే ఇంప్రింట్ పేజీ, వెనకట్ట ఫొటోలు చూడకుండా కొనను.

6. ప్రతి పుస్తకానికీ జాతకం

ఇంటికి తెచ్చిన రోజే రాయాలి. రేపు అనుకుంటే ఎక్కడ కొన్నారో కూడా మర్చిపోతారు. ఎక్సెల్ షీటులో అయినా, పాత పద్ధతిలో కార్డు మీద అయినా ఇవి ఉండాలి: శీర్షిక ఉన్నది ఉన్నట్టు, ముద్రణ గురించి పుస్తకం చెప్పేది ఉన్నది ఉన్నట్టు, ప్రచురణకర్త, ప్రెస్సు, రెండింటి చిరునామాలు, వెల, ప్రతుల సంఖ్య, ముందు పేజీలు ఎన్ని, అసలు పేజీలు ఎన్ని, ఎత్తు సెంటీమీటర్లలో, అట్ట బొమ్మ ఎవరిది, ప్రకటనలు, స్టాంపులు, ఎక్కడ ఎప్పుడు ఎంతకి కొన్నారు. ‘క్రౌను 1/8’ అని సైజు పుస్తకంలో ఉన్నా స్కేలు పెట్టి కొలవండి. బైండరు అంచులు కోసేస్తే సెంటీమీటరు తగ్గుతుంది, ఆ తగ్గినదే ఒక ఆధారం. ఫోన్లో ఆరు ఫొటోలు: ముందట్ట, వెనకట్ట, టైటిల్, ఇంప్రింట్, ముందుమాట చివరి పేజీ, పుస్తకం ఆఖరి పేజీ.

మీ అభిప్రాయానికి వేరే గడి పెట్టండి. పుస్తకం చెప్పింది ఒక గడిలో, మీరనుకున్నది ఇంకో గడిలో. ఈ రెండూ కలిస్తే ఐదేళ్ల తర్వాత ఏది ఎవరి మాటో మీకే తెలియదు.

7. రెండు ముద్రణలు పక్కపక్కన పెట్టి చదవడం

సేకరణకి అర్థం వచ్చేది ఇక్కడ. లేకపోతే స్టాంపులు పోగేసినట్టే. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు రెండో ప్రతిలో వేలు పెట్టి చూస్తూ ఉండాలి. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక రోజుకి పది పేజీలు. మా ఆవిడ చదువుతుంది, నేను చూస్తాను. చదివేవాళ్లు విరామచిహ్నాలు కూడా పలకాలి, ‘కామా, కొటేషన్’ అంటూ. మొదటి వారం నవ్వొస్తుంది.

అలా ఒక నవలలో మాకు పదకొండు వాక్యాల పేరా దొరికింది. పత్రికలో ఉంది, తొలి పుస్తకంలో ఉంది, తర్వాతి ముద్రణలన్నింట్లో లేదు. ఎవరైనా కావాలని తీశారా అని వారం రోజులు ఊహాగానాలు చేశాం. చివరికి చూస్తే ఆ పేరా, దాని ముందు పేరా ఒకే మాటతో మొదలవుతున్నాయి. కంపోజిటరు (ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు) కన్ను ఒక పేరా నుంచి ఇంకోదానికి దూకేసింది! సిద్ధాంతాలు కట్టేముందు ఎప్పుడూ ఇలాంటి మామూలు కారణం వెతకండి. అయినా ఆ పేరా లేకుండా నవల చదివిన తరాలున్నాయి. నాయిక ఎందుకు ఇల్లు వదిలిందో వాళ్లకి సరిగ్గా అర్థమై ఉండదు.

8. మద్రాసు గాలి నుంచి కాపాడటం

ఇక్కడ శత్రువులు మూడు: ఉక్క, సిల్వర్ ఫిష్ పురుగు, మనం అంటించే సెలోటేపు. మూడోదే అన్నింటికన్నా చెడ్డది. పదేళ్లకి జిగురు పసుపై కాగితాన్ని తినేస్తుంది. చిరిగితే చిరగనివ్వండి, తెల్లకాగితంలో చుట్టి దారంతో కట్టండి చాలు. బైండు తప్పదంటే జిగురులో మైలుతుత్తం కలిపే పాత బైండరుని వెతకండి, పురుగు దగ్గరికి రాదు. అంచులు కొయ్యొద్దని మూడుసార్లు చెప్పండి. చెప్పినా కోస్తారు కాబట్టి పక్కనే కూర్చోండి.

కొత్తగా తెచ్చిన పుస్తకాన్ని నేరుగా బీరువాలో పెట్టకండి. పాలిథిన్ సంచిలో గాలి తీసేసి గట్టిగా మూసి, ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి ఒక రోజంతా విప్పొద్దు, విప్పితే కాగితం మీద చెమ్మ పడుతుంది. ఫ్రీజరు విషయంలో ఇంట్లో గొడవ ఖాయం. మా ఇంట్లో ఐస్‌క్రీం పక్కన ఎవరిదో పాత నవల ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. బీరువా గోడకి ఆనకూడదు, వానాకాలంలో నెలకోసారి పుస్తకాలు నీడలో ఆరనివ్వాలి. కింది అరలో ఏమీ పెట్టొద్దు. 2015 డిసెంబరు వరదల్లో మా వీధిలో మోకాలిలోతు నీళ్లు. నా కింది అరలో ఉన్న నలభై పుస్తకాలు మర్నాటికి ఇటుకల్లా అతుక్కుపోయాయి.

9. స్కాన్ చేసి అందరికీ పెట్టొచ్చా?

మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి అరవైయేళ్లు హక్కులుంటాయి. కుటుంబరావుగారివి 2040 చివరిదాకా. మీ పరిశోధనకి ఫొటోలు తీసుకోండి, మొత్తం పుస్తకం మాత్రం ఎక్కించకండి. మీరు కట్టిన జాబితా, వెలలు, ప్రెస్సు పేర్లు, తేదీలు మీ శ్రమే, వాటిని ధారాళంగా పంచండి. అవి పంచితే ఎవరో ఒకరు ‘మా తాతయ్య దగ్గర ఇంకోటి ఉంది’ అంటారు. నాకు లేని రెండు ప్రతులు అలాగే దొరికాయి. ఒకటి కొనుక్కున్నాను, రెండోది వాళ్లివ్వలేదు, ఫొటోలిచ్చారు.

చివరిగా, బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించండి. ఏ పుస్తకాలు ముఖ్యమో, మీ తర్వాత ఎవరికి ఇవ్వాలో, ఏ లైబ్రరీకి ఫోను చెయ్యాలో పెద్ద అక్షరాలతో రాయండి. నాది తెలుగులోనూ తమిళంలోనూ ఉంది. మా అబ్బాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం తమిళమే వచ్చు.